మైన్లు ఏరవలసిన ఓడ సైనికులను మోసింది: 'ఆర్మిడేల్' గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో రెండో ప్రపంచయుద్ధ కాలపు భారత నౌక 'బెంగాల్' గురించి రాసి, అదే నమూనాలో కట్టిన 'ఆర్మిడేల్' అనే ఆస్ట్రేలియా మైన్‌స్వీపర్ ఆ తర్వాత మూడు వారాలు తిరగకముందే, 1942 డిసెంబరు 1న, టిమోర్ సముద్రంలో మునిగిపోయిందని, వంద మంది ప్రాణాలు పోయాయని చివర ఒక్క వాక్యం చేర్చాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ చివరి వాక్యం మీదే. సముద్రం చూడాలంటే ఒక రాత్రి రైల్లో గడపవలసిన ఊళ్ల నుంచి ఇంత శ్రద్ధగా వచ్చిన ప్రశ్నలకు తలా ఒక ముక్క చెప్పి వదిలేయడం న్యాయం కాదనిపించి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ఓడకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మైన్‌స్వీపర్ అంటే సముద్రంలో మైన్లను తొలగించే ఓడ అని తెలుసు. కానీ నీటి అడుగున కనిపించని మైన్లను అది ఎలా తొలగిస్తుంది? (డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ)

జవాబు: ముందు మైన్ ఎలా ఉంటుందో చూద్దాం. ఆ యుద్ధంలో విరివిగా వాడినది లంగరు మైన్. అది పేలుడు మందు నింపిన పెద్ద ఇనుప గుండు. లోపల కొంత ఖాళీ ఉంచుతారు కనుక నీటిలో పైకి తేలాలని చూస్తుంది. సముద్రం అడుగున పడి ఉన్న బరువైన దిమ్మకు, ఈ గుండుకు మధ్య ఉక్కు తాడు కట్టి, గుండు నీటి మట్టానికి కొద్ది అడుగుల కిందనే నిలబడేటట్టు తాడు పొడవును సరిచేస్తారు. గుండు చుట్టూ సీసంతో చేసిన కొమ్ములుంటాయి. ఒక్కొక్క కొమ్ములో ఆసిడ్ నింపిన సన్నని గాజు గొట్టం ఉంటుంది. ఓడ అడుగుభాగం తగలగానే మెత్తని సీసం వంగుతుంది, లోపలి గాజు పగులుతుంది, ఆసిడ్ కిందికి కారి అక్కడి పలకల మధ్య విద్యుత్తు పుట్టిస్తుంది; ఆ కాస్త విద్యుత్తే పేలుడు మందును రగిలించడానికి చాలు. బ్యాటరీ ముందే సిద్ధంగా ఉండి అరిగిపోయే ఏర్పాటు కాదు కనుక, ఇటువంటి మైన్ ఏళ్ల తరబడి నీటిలో ఉన్నా ప్రమాదకరంగానే ఉంటుంది.

ఇప్పుడు తొలగించే పద్ధతి. మైన్‌స్వీపర్ తన వెనుక భాగం నుంచి పొడవైన ఉక్కు తాడును నీటిలోకి వదిలి లాగుకుంటూ పోతుంది. తాడు కొసన ఒక తేలే తొట్టి, దాని కింద ఒక పలక ఉంటాయి; నీటి ఒత్తిడికి ఆ పలక తాడును ఓడకు దూరంగా పక్కకు గుంజుతుంది. ఓడ దగ్గర ఉండే మరో పలక తాడును కావలసిన లోతుకు అణచి ఉంచుతుంది. తాడుకే రంపపు పళ్లవంటి గరుకు ఉంటుంది, అక్కడక్కడ కత్తెరలు బిగిస్తారు. చెరువులో ఇద్దరు మనుషులు చెరో పక్క తాడు పట్టుకుని లాగుతూ పోతే తామర తూడులు తెగి పువ్వులు పైకి తేలినట్టే, ఈ తాడు తగిలినప్పుడు మైన్‌ను అడుగుకు కట్టి ఉంచిన తాడు తెగి, మైన్ నీటి పైకి వస్తుంది. కనిపించిన మైన్‌ను దూరం నుంచి తుపాకితో కాల్చి ముంచడమో, పేల్చడమో చేస్తారు.

ఈ పనిలో పెద్ద చిక్కు ఒకటుంది. తాడు పక్కకు పోతుంది గాని ఓడ మాత్రం ఇంకా ఎవరూ శుభ్రం చేయని నీటిలోనే ముందుకు సాగాలి. అందుకే ఇవి గుంపుగా, ఒకదాని వెనుక ఒకటి కాస్త పక్కకు జరిగి, ముందున్న ఓడ ఊడ్చిన దారిలో వెనుకది ఉండేటట్టు నడుస్తాయి. అందరికన్నా ముందున్న ఓడకు ఆ రక్షణ కూడా లేదు. నీటిలోకి తక్కువ లోతు దిగేటట్టు ఈ ఓడలను కట్టడానికి కారణం కూడా ఇదే. ఓడ తగలకపోయినా దాని ఇనుప శరీరపు అయస్కాంత ప్రభావానికే పేలే మైన్లను జర్మనీ 1939లో వదిలింది. ఆ నవంబరులో థేమ్స్ నది ముఖం దగ్గర షూబరీనెస్ బురదలో దొరికిన ఒకదానిని జాన్ ఊవ్రీ అనే బ్రిటిష్ అధికారి విప్పి చూసిన తర్వాతనే వాటికి విరుగుడు తయారైంది. రెండు ఓడలు తేలే విద్యుత్ తీగలను లాగుతూ వాటిలోకి కరెంటు వదిలి, ఆ మైన్లను దూరంగానే పేలేటట్టు చేసేవారు.

ప్రశ్న: బెంగాల్, ఆర్మిడేల్ ఒకే నమూనా అన్నారు. ఒకటి మనది, ఒకటి ఆస్ట్రేలియాది ఎట్లా అయినాయి? (న్యాయవాది, కరీంనగర్)

జవాబు: రెండూ సిడ్నీ రేవులోనే పుట్టాయి. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో, తన దేశంలోని మామూలు ఓడల కర్మాగారాల్లోనే కట్టుకోగలిగిన చిన్న, చవక యుద్ధనౌక ఒకటి ఆస్ట్రేలియాకు అవసరమైంది. అలా రూపొందిన బాథర్స్ట్ తరగతి నౌకలు మొత్తం 60 తయారయ్యాయి. వాటిలో నాలుగు, అంటే బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్, అప్పటి రాయల్ ఇండియన్ నేవీ కోసం కట్టినవి. ఆస్ట్రేలియా తన ఓడలకు ఊళ్ల పేర్లు పెట్టుకుంది. ఆర్మిడేల్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని ఒక కొండప్రాంతపు పట్టణం.

ఆర్మిడేల్ 1942 జనవరి 24న మోర్ట్స్ డాక్‌లో జలప్రవేశం చేసి, జూన్ 11న నౌకాదళంలో చేరింది. బెంగాల్ అదే సిడ్నీలోని కాకటూ డాక్‌లో తయారై ఆగస్టులో విధుల్లోకి వచ్చింది. పొడవు సుమారు 57 మీటర్లు, ఆవిరి ఇంజన్లు, గరిష్ఠ వేగం 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు. ముందు భాగంలో నాలుగంగుళాల ఫిరంగి ఒకటి, విమానాలను కొట్టడానికి ఓర్లికాన్ తుపాకులు మూడు ఆర్మిడేల్‌పై ఉండేవి. అధికారిక పత్రాల్లో వీటి పేరు మైన్‌స్వీపరే అయినా, జలాంతర్గాములను వేటాడటం, వర్తక నౌకల వెంట కాపలాగా వెళ్లడం, సైనికులను, సరుకులను చేరవేయడం అన్నీ వీటి నెత్తినే పడ్డాయి. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ రేవు దగ్గర మైన్లు వేయడానికి వచ్చిన జపాన్ జలాంతర్గామి ఐ-124ను 1942 జనవరి 20న ముంచినది కూడా ఈ తరగతికే చెందిన డెలొరేన్.

బెంగాల్ సంగతి గత నెల చదవని వారి కోసం క్లుప్తంగా చెబుతాం. 1942 నవంబరు 11న హిందూ మహాసముద్రంలో, కోకోస్ దీవులకు నైరుతి దిక్కున, 'ఓండినా' అనే డచ్చి చమురు నౌకకు తోడుగా వెళుతున్న బెంగాల్‌ను తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాన్ నౌకలు అడ్డగించాయి. బెంగాల్ పారిపోకుండా నేరుగా వాటి మీదికే వెళ్లింది. ఆ పోరులో జపాన్ నౌక 'హోకోకు మారు' పేలి మునిగిపోయింది, బెంగాల్, ఓండినా రెండూ బతికి బయటపడ్డాయి. ఓండినా కెప్టెన్ మాత్రం ప్రాణాలు కోల్పోయారు. హోకోకు మారును పేల్చిన గుండు బెంగాల్‌దా, ఓండినాదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: మైన్లు ఏరే ఓడను సైనికులతో శత్రు తీరానికి ఎందుకు పంపారు? అసలు ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాయగలరు. (విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట)

జవాబు: ఇది తెలియాలంటే ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టిమోర్ దీవి పరిస్థితి తెలియాలి. ఆ దీవి పడమటి సగం డచ్చివారిది, తూర్పు సగం పోర్చుగీసువారిది. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ రేవును ధ్వంసం చేశాయి. మరునాడే జపాన్ సైన్యం టిమోర్‌లో దిగింది. అక్కడున్న ఆస్ట్రేలియా కమాండోల దళం, 2/2 ఇండిపెండెంట్ కంపెనీ, లొంగిపోకుండా కొండల్లోకి వెళ్లి, స్థానిక ప్రజలు పెట్టిన తిండితో, చూపిన దారులతో నెలల పాటు గెరిల్లా పోరాటం సాగించింది. సెప్టెంబరులో వారికి తోడుగా మరో కంపెనీని తీసుకువెళ్లిన 'వాయేజర్' అనే డిస్ట్రాయర్ (వేగంగా పోయే యుద్ధనౌక), టిమోర్ దక్షిణ తీరంలోని బెటానో అఖాతంలో ఇసుకలో కూరుకుపోయి నాశనమైంది. నవంబరుకు వచ్చేసరికి, అలసిపోయిన 2/2 కంపెనీని, అక్కడి డచ్చి సైనికులను, పోర్చుగీసు స్త్రీలను, పిల్లలను వెనక్కి తీసుకురావాలని, వెళ్లేటప్పుడు కొత్త డచ్చి ఈస్టిండీస్ బలగాన్ని దించి రావాలని నిర్ణయించారు. ఆ పనికి డార్విన్‌లో అందుబాటులో ఉన్నవి మూడు ఓడలు: 'కురు' అనే చిన్న గస్తీ పడవ, ఆర్మిడేల్ తరగతికే చెందిన కాసిల్‌మెయిన్, ఆర్మిడేల్. ఆర్మిడేల్ డార్విన్ చేరింది నవంబరు మొదటి వారాంతంలోనే. చేరినది అక్కడి 24వ మైన్‌స్వీపింగ్ దళంలో.

కురు ముందుగా బయలుదేరింది. కాసిల్‌మెయిన్, ఆర్మిడేల్ 29న వెళ్లాయి. ఆర్మిడేల్ డెక్కు మీద 83 మంది నావికులతో పాటు ముగ్గురు ఆస్ట్రేలియా సైనికులు, డచ్చి ఈస్టిండీస్ సైన్యానికి చెందిన 63 మంది, వారిలో ఇద్దరు డచ్చి అధికారులు తప్ప తక్కినవారు జావా వైపు మనుషులు, కలిసి మొత్తం 149 మంది ఉన్నారు. 30వ తేదీ పొద్దున్నే ఒక జపాన్ నిఘా విమానం వీటిని చూసింది. అప్పటి నుంచి ఆ రోజంతా బాంబు దాడులు జరిగాయి. ఓడలు దెబ్బ తినలేదు గాని, తప్పించుకోవడానికి వంకర టింకరగా తిరగడంలో గంటలు కరిగిపోయాయి. శత్రువు చూశాడు, ఏం చేయమంటారు అని వైర్‌లెస్‌లో అడిగితే, వైమానిక దాడులు మామూలే అనుకుని ముందుకు సాగాలన్న అర్థంలో డార్విన్ నుంచి సమాధానం వచ్చింది.

ఆలస్యంగా, డిసెంబరు 1 తెల్లవారుజామున, రెండు ఓడలు బెటానో చేరేసరికి తీరంలో గుర్తు దీపాలు లేవు. కురు అప్పటికే 77 మంది శరణార్థులను ఎక్కించుకుని, పెద్ద ఓడలు కనిపించక, వెళ్లిపోయింది. వెలుగు వచ్చాక సముద్రంలో మూడూ కలుసుకున్నాయి. ఆ శరణార్థులను కాసిల్‌మెయిన్‌లోకి మార్చారు, అది డార్విన్ దారి పట్టింది. దించవలసిన సైనికులు ఆర్మిడేల్ మీదే ఉన్నారు కనుక, ఆర్మిడేల్, కురు ఆ రాత్రి మళ్లీ బెటానో వెళ్లాలని ఆదేశం వచ్చింది. ఒకరోజు ముందు శత్రువు చూసిన ఓడ, అదే నీటిలో, పట్టపగలు, అదే తీరం వైపు మళ్లీ బయలుదేరింది. కురు కూడా విడిగా ఎన్నో దాడులు ఎదుర్కొని, తిరిగి రమ్మన్న ఆదేశంతో ఎలాగో డార్విన్ చేరుకోగలిగింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఆర్మిడేల్‌పై బాంబర్లు, వాటికి తోడుగా యుద్ధ విమానాలు అన్ని దిక్కుల నుంచి ఒకేసారి దిగాయి. ఈసారి వచ్చిన వాటిలో టార్పెడోలు, అంటే నీటిలో తమంత తామే దూసుకుపోయి ఓడకు తగిలి పేలే ఆయుధాలు, వేసేవి ఉన్నాయి. మీద పడే బాంబుల నుంచి చుక్కాని తిప్పి తప్పుకోవచ్చు. రెండు వైపుల నుంచీ నీటి మట్టానికి కొద్ది పైన ఎగురుతూ వచ్చి టార్పెడోలు వదిలే విమానాల నుంచి 15 నాట్ల ఓడ తప్పుకోవడం దాదాపు అసాధ్యం. మొదటి టార్పెడో ఓడ ఎడమ వైపు తగిలింది. వెంటనే మరొకటి. కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ డేవిడ్ రిచర్డ్స్ ఓడను వదిలిపెట్టమని ఆజ్ఞ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లోనే ఆర్మిడేల్ మునిగిపోయింది, నీటిలో దూకినవారి మీద యుద్ధ విమానాలు తూటాలు కురిపించాయి.

ప్రశ్న: మునుగుతున్న ఓడలో తుపాకి వదలని కుర్రవాడి గురించి ఎక్కడో విన్నాను. అతను ఈ ఓడవాడేనా? (ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: ఈ ఓడవాడే. పేరు ఎడ్వర్డ్ షీయన్, అందరూ టెడ్డీ అనేవారు. టాస్మేనియా దీవిలోని లోయర్ బారింగ్టన్‌లో 1923 డిసెంబరు 28న పుట్టాడు. చనిపోయిన రోజుకు ఇంకా పందొమ్మిది నిండలేదు. నౌకాదళంలో అతనిది అన్నిటికన్నా కింది హోదా. ఓర్లికాన్ తుపాకికి తూటాల డబ్బాలు మార్చి అందించేవాడు. గురి చూసి కాల్చేది మరొకరు.

ఆ తుపాకి ఎలా ఉంటుందో తెలిస్తే షీయన్ చేసిన పని సరిగ్గా అర్థమవుతుంది. నిలువు స్తంభం మీద అమర్చిన ఓర్లికాన్‌కు వెనుక వైపు రెండు భుజాల ఊతలుంటాయి. కాల్చేవాడు వాటి మధ్య నిలబడి, నడుము దగ్గర పట్టీ బిగించుకుని, తన ఒంటి బరువుతోనే తుపాకిని పైకీ కిందికీ, పక్కలకూ తిప్పాలి. పైన గుండ్రని డబ్బాలో అరవై తూటాలుంటాయి. పట్టీ బిగించుకున్నవాడు ఓడతో పాటు కిందికి పోకుండా ఉండాలంటే ముందు ఆ పట్టీ విప్పుకోవాలి.

ఓడను వదలమన్న ఆజ్ఞ వచ్చాక షీయన్ కూడా బయటపడే ప్రయత్నంలోనే ఉన్నాడు. నీటిలో ఉన్న తోటివారిని విమానాలు కాలుస్తుండగా, అప్పటికే గాయపడిన అతను వెనుక వైపు ఓర్లికాన్ దగ్గరికి వెళ్లి, పట్టీ బిగించుకుని కాల్చడం మొదలుపెట్టాడు. ఒక బాంబరును కూల్చాడు. నీళ్లు డెక్కు ఎక్కి, తుపాకి మునిగే దాకా కాల్పులు ఆగలేదని బతికినవారు సాక్ష్యం చెప్పారు. వారిలో కొందరు తాము బతికింది అతని వల్లనే అన్నారు.

అప్పట్లో దీనికి దక్కింది అధికారిక నివేదికలో ప్రశంసాపూర్వక ప్రస్తావన మాత్రమే. కుటుంబసభ్యులు, టాస్మేనియా ప్రజలు దశాబ్దాల పాటు పట్టు విడవకుండా అడిగారు. 1999లో జలప్రవేశం చేసిన ఒక జలాంతర్గామికి షీయన్ పేరు పెట్టారు. చివరికి 2020లో యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాస్ మంజూరైంది; ఆస్ట్రేలియా నౌకాదళ సభ్యుడొకరికి ఆ పతకం రావడం అదే మొదటిసారి. 2020 డిసెంబరు 1న, ఓడ మునిగి సరిగ్గా 78 ఏళ్లు నిండిన రోజున, దానిని కుటుంబానికి అందజేశారు.

ప్రశ్న: ఓడ మునిగినప్పుడు చాలామంది బతికే ఉన్నారు కదా. మరి వంద మంది ఎట్లా చనిపోయారు? (గృహిణి, జగిత్యాల)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞతలు. చాలా కథనాలు షీయన్ తుపాకి దగ్గరే ఆగిపోతాయి. ఓడ మునిగాక జరిగినది అంతకన్నా ఎక్కువ కాలం సాగిన బాధ.

నీటిలో మిగిలినవారికి ఒక మోటారు పడవ, దెబ్బతిని నీళ్లు కారుతున్న తెడ్ల పడవ, తేలే తెప్పలు, విరిగిన చెక్కలు దొరికాయి. తమను ఎవరూ వెతకడం లేదని అనుమానం వచ్చి, మరునాడు రిచర్డ్స్ ఇరవై మందికి పైగా మనుషులతో మోటారు పడవలో ఆస్ట్రేలియా వైపు సాయం కోసం బయలుదేరారు. ఆర్మిడేల్ వైర్‌లెస్ నిశ్శబ్దాన్ని డార్విన్ అధికారులు మొదట పెద్దగా అనుమానించలేదు. శత్రు జలాల్లో ఉన్న ఓడ మాట్లాడకపోవడం మామూలేననుకున్నారు. మోటారు పడవను విమానం గుర్తించగా, డిసెంబరు 6న కాల్‌గూర్లీ అనే మరో మైన్‌స్వీపర్ ఎక్కించుకుంది. ఈలోగా రెండో జట్టు చిల్లులు పడిన తెడ్ల పడవను గుడ్డతో కప్పి, నీళ్లు తోడుకుంటూ, 29 మందితో బయలుదేరింది. వారినీ కాల్‌గూర్లీయే కాపాడింది.

మిగిలినవారు పెద్ద తెప్ప మీద ఉండిపోయారు. డిసెంబరు 8న ఆ తెప్ప విమానాల కంట పడింది కూడా. పైనుంచి తీసిన ఛాయాచిత్రం ఉంది, అందులో తెప్ప మీది మనుషులు తలెత్తి చూస్తున్నారు. అలలు ఎత్తుగా ఉండటం వల్ల నీటి మీద దిగగల విమానం దిగలేకపోయింది. కాల్‌గూర్లీ ఆ చోటికి చేరి వెతికేసరికి తెప్ప లేదు. అందులో ఉన్న ఒక్కరి ఆనవాలూ ఆ తర్వాత దొరకలేదు.

మొత్తం 149 మందిలో బతికింది 49 మంది. ఓడ సిబ్బందిలో 40 మంది పోయారు. మిగిలిన అరవై మందిలో దాదాపు అందరూ డచ్చి ఈస్టిండీస్ సైనికులే. తమ దేశాన్ని ఏలుతున్న మరో దేశపు యూనిఫారం తొడుక్కుని, మూడో దేశపు ఓడలో ప్రయాణికులుగా వచ్చి ప్రాణాలు విడిచిన ఈ జావా మనుషుల గురించి పుస్తకాల్లో ఒక అంకెకు మించి కనిపించకపోవడం మమ్మల్ని బాధించింది. హైదరాబాద్ సంస్థానపు పదాతిదళం 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొన్న సంగతి మన దగ్గర ఎందరికి తెలుసో ఆలోచిస్తే, ఆ అంకె వెనుక ఉన్న కుటుంబాల పరిస్థితి ఊహించవచ్చు. ఆర్మిడేల్ నష్టం అన్నప్పుడు ఈ అరవై మందిని ముందుగా లెక్కించాలని మా అభిప్రాయం.

ప్రశ్న: ఆజంజాహి మిల్లులో పనిచేసిన మా తాతగారు, ఆస్ట్రేలియావాళ్లకు నిజాం పేరుతో యుద్ధనౌక ఉండేదని చెప్పేవారు. అది నిజమేనా? దానికీ ఈ ఓడకూ సంబంధం ఉందా? (ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో కట్టిన 'నిజాం' అనే డిస్ట్రాయర్ 1941 జనవరిలో ఆస్ట్రేలియా నావికులతో విధుల్లోకి వచ్చింది. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన ఆ ఓడ మధ్యధరా సముద్రంలో, హిందూ మహాసముద్రంలో, పసిఫిక్‌లో పనిచేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి మూల, కేప్ లూవిన్ దగ్గర, ఒక పెద్ద అల డెక్కు మీదికి వచ్చి పది మంది నావికులను కొట్టుకుపోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగినప్పుడు టోక్యో అఖాతంలో ఉన్న ఓడల్లో నిజాం ఒకటి.

ఆర్మిడేల్‌తో నేరుగా సంబంధం లేదు గాని, గమనించవలసిన విషయం ఒకటుంది. ఆర్మిడేల్ వల్ల కాని పనిని ఆ డిసెంబరులోనే పూర్తి చేసింది 'టియెర్క్ హిడెస్' అనే డచ్చి డిస్ట్రాయర్. అది కొన్ని విడతలుగా బెటానో వెళ్లి 2/2 కంపెనీని, డచ్చి సైనికులను, శరణార్థులను క్షేమంగా డార్విన్ చేర్చింది. ఆ ఓడ, నిజాం, రెండూ ఎన్ తరగతి డిస్ట్రాయర్లు, ఒకే నమూనా. వాటి గరిష్ఠ వేగం 36 నాట్లు. డార్విన్ నుంచి బెటానోకు సుమారు 670 కిలోమీటర్లు. ఆర్మిడేల్ పూర్తి వేగంతో ఎక్కడా ఆగకుండా వెళ్లినా ఒక వైపు ప్రయాణానికే ఇరవై నాలుగు గంటలు పడుతుంది కనుక, ఒక పగలంతా జపాన్ విమానాల కింద గడపక తప్పదు. డిస్ట్రాయర్‌కు పూర్తి వేగంలో పది గంటలు చాలు; ప్రమాదకరమైన భాగాన్ని చీకటిలోనే దాటి, తెల్లారేలోపు చాలా దూరం వచ్చేయవచ్చు. ధైర్యంలో రెండు ఓడల మనుషులకూ తేడా లేదు, ఇంజన్లలో ఉంది.

ప్రశ్న: అయితే తప్పు ఎవరిది? కెప్టెన్ వెనక్కి తిరిగి రావలసింది కాదా? (సింగరేణి ఉద్యోగి, భూపాలపల్లి)

జవాబు: కెప్టెన్‌ది కాదని మేము అనుకుంటున్నాం. ఆయనకు స్పష్టమైన ఆదేశం ఉంది, కొండల్లో ఎదురు చూస్తున్న మనుషులున్నారు. డార్విన్ అధికారుల మీదే మొత్తం భారం వేయడమూ తేలికే. కాని వారి చేతిలో అప్పటికి డిస్ట్రాయర్ లేదు, ఉన్న డిస్ట్రాయరును రెండు నెలల క్రితమే అదే అఖాతంలో పోగొట్టుకున్నారు. మేము తప్పుపట్టేది ఒక్క నిర్ణయాన్ని: మొదటి రోజు ప్రయత్నం విఫలమయ్యాక, ఓడలు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోయాక, తలపైన నిలకడైన విమాన రక్షణ లేకుండా మళ్లీ అదే తీరానికి పంపడం. ముందు రోజు బాంబులు తగలకపోవడాన్ని ఓడ తట్టుకోగలదనడానికి రుజువుగా తీసుకున్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ తరగతి ఓడలు మైన్ల వల్ల ఎన్ని మునిగాయి? (పేరు రాయని పాఠకుడు, పెద్దపల్లి)

జవాబు: యుద్ధం జరిగినన్నాళ్లూ ఒక్కటి కూడా లేదు. శత్రువు చేతిలో పోయింది ఆర్మిడేల్ ఒక్కటే. వల్లారూ 1943లో, జీలాంగ్ 1944లో వేరే ఓడలను ఢీకొని మునిగాయి. అయితే యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 13న, గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో స్వదేశమే వేసిన మైన్లను ఏరుతూ వార్నంబూల్ ఒక మైన్‌కు తగిలి మునిగింది. నలుగురు నావికులు చనిపోయారు. శాంతి వచ్చాక కూడా మైన్‌స్వీపర్ పని ఆగదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాడు. ఇటువంటి ఓడను ఇప్పుడు చూడవచ్చా? మన దగ్గర విశాఖలో ఉందా? (వ్యాపారి, మంచిర్యాల)

జవాబు: మీ అబ్బాయి అదృష్టవంతుడు. మెల్‌బోర్న్‌కు ఆనుకుని ఉన్న విలియమ్స్‌టౌన్ రేవులో కాసిల్‌మెయిన్ ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. డిసెంబరు 1 ఉదయం శరణార్థులను ఎక్కించుకుని ఆర్మిడేల్ నుంచి విడిపోయిన ఓడ అదే. తెరిచే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లమనండి. ఆ డెక్కు మీద నిలబడి, మామూలు సిబ్బందికి తోడు మరో అరవై ఆరు మంది సైనికులు ఎక్కడ కూర్చుని ఉంటారో ఒకసారి చూడమనండి. ఈ తరగతిలోని వయాలా అనే మరో ఓడ, అదే పేరు గల దక్షిణ ఆస్ట్రేలియా పట్టణంలో ఉంది.

మన బెంగాల్ స్వాతంత్య్రం తర్వాత కూడా భారత నౌకాదళంలో పనిచేసింది. దానిని భద్రపరచలేదు, 1960 ప్రాంతంలో తుక్కు కింద విప్పేశారు. ఆ తర్వాతి తరంలో సోవియట్ యూనియన్‌లో కట్టించిన పాండిచ్చేరి తరగతి మైన్‌స్వీపర్లు ఉండేవి. వాటిలో చివరిది, ఐఎన్‌ఎస్ కోజికోడ్, 2019లో విధుల నుంచి విరమించింది. విశాఖ ఆర్కే బీచ్‌లో మీరు చూడగలిగింది కుర్సురా జలాంతర్గామిని; మైన్‌స్వీపర్ అక్కడ లేదు.